పోయినవారికీ ఒక పాత్ర ఉండాలి

(పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు)

ఫ్రెంచి దర్శకుడు క్లోద్ లెలూష్ 1966లో తీసిన ‘ఎ మ్యాన్ అండ్ ఎ వుమన్’ చిత్రాన్ని గత సంచికలో పరిచయం చేశాక వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి శీర్షిక మొత్తాన్నీ కేటాయిస్తున్నాము. సినిమా చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాము. ఆన్ పారిస్‌లో ఉంటూ సినిమా షూటింగుల్లో కంటిన్యుటీ (ఒక షాటుకూ మరో షాటుకూ పొంతన తప్పకపోవడం) చూసే ఉద్యోగం చేస్తుంది. జాన్ లూయీ కారు పందేల డ్రైవరు. ఆమె కూతురు, అతని కొడుకు సముద్రతీర పట్టణమైన దోవిల్‌లో ఒకే బోర్డింగ్ స్కూల్లో చదువుతున్నారు. పిల్లలను చూడడానికి వచ్చిన ఒక రోజు ఆమెకు ఆఖరి రైలు తప్పిపోతే, అతను తన కారులో ఆమెను పారిస్ దాకా దింపుతాడు. ఆమె భర్త పియేర్ స్టంట్‌మన్, షూటింగులో జరిగిన ప్రమాదంలో పోయాడు. లె మాన్స్ 24 గంటల పందెంలో జాన్ లూయీ చావుబతుకుల్లో పడినప్పుడు అతని భార్య వలేరీ తట్టుకోలేక ఆత్మహత్య చేసుకుంది. ఈ ఇద్దరూ దగ్గర కావడం, దగ్గరైన తరువాత ఆగిపోవడం, ఆ ఆగిపోవడాన్ని దాటడం, ఇదే కథ.

ప్రశ్న: జాన్ లూయీ పాల్గొన్న మాంటె కార్లో కార్ల ర్యాలీ అయ్యాక ప్రేమిస్తున్నానని టెలిగ్రామ్ ఇచ్చింది ఆన్ తనంత తానుగానే. అతను రాత్రంతా కారు నడుపుకుంటూ వస్తే హోటల్ గదికి ఇష్టపడే వెళ్లింది. తీరా అక్కడ వెనక్కి తగ్గి రైలెక్కి వెళ్లిపోవడం అతన్ని ఏడిపించడం కాదా? పాత్ర విషయంలో రచయితకే స్పష్టత లేదేమో అనిపించింది. (ఒక పాఠకురాలు)

జవాబు: మీకు తడబాటుగా కనిపించినదే ఈ సినిమాకు ప్రాణమని మా నమ్మకం. టెలిగ్రామ్ రాసినప్పుడు ఆన్ ఒంటరిగా ఉంది, ఎదుట ఉన్నది కాగితం. ప్రేమిస్తున్నానన్న మాట ఆమె అబద్ధంగా రాయలేదు. గదిలో మాత్రం పక్కన ఒక మనిషి ఉన్నాడు, అతను పియేర్ కాదన్న సంగతి ఆమె శరీరానికి మొదటిసారి తెలిసింది. భర్త లేడన్న విషయం మనసుకు ఎప్పుడో తెలిసినా, ఒంటికి తెలియడానికి మరికొంత కాలం పడుతుంది. ఆ రెండు కాలాల మధ్య ఉన్న ఎడమనే దర్శకుడు ఆ దృశ్యంలో పట్టుకున్నాడు.

ఆ ఘట్టాన్ని అతను ఎంత తేలికగా మొదలుపెట్టాడో మరోసారి చూడండి. హోటల్లో భోజనానికి కూర్చున్న ఇద్దరూ ఏదో కొంచెమే తెప్పించుకుంటారు. వెయిటర్ ముఖం చిన్నబోయినట్టు ఉందని వారే అనుకుంటారు. జాన్ లూయీ వెయిటర్‌ను వెనక్కి పిలుస్తాడు. ఇంకేదో వంటకం చెబుతాడనుకుంటే, గదులు ఖాళీగా ఉన్నాయా అని అడుగుతాడు. ప్రేక్షకులకు నవ్వు వస్తుంది. ఆ నవ్వు పెదవుల మీద ఉండగానే మనం గదిలో ఉంటాము. అక్కడ మాటలు లేవు. కెమెరా ఆన్ ముఖాన్ని వదలదు, మధ్య మధ్య పియేర్ జ్ఞాపకాలు వచ్చి పోతుంటాయి, ఆమె కళ్లు ఆ గదిలో లేవని మనకు అతనికంటె ముందే అర్థమవుతుంది. చివరికి ఎందుకని అతను అడిగితే భర్త వల్ల అంటుంది. ఆయన చనిపోయాడు కదా అంటాడతను. ఆ మాటలో తప్పేమీ లేదు, తర్కం మొత్తం అతని వైపే ఉంది, అయినా దానితో ఒక్క అంగుళం కూడా ముందుకు జరగడం సాధ్యం కాదు.

ప్రేమకథల్లో అడ్డంకి సాధారణంగా బయటినుంచి వస్తుంది. పెద్దలు ఒప్పుకోరు, డబ్బు ఉండదు, అపార్థం వస్తుంది, మూడో మనిషి ప్రవేశిస్తాడు. ఇక్కడ అడ్డంకిగా నిలిచినవాడు మంచివాడు, ఆమెను ప్రేమించినవాడు, పైగా లేనివాడు. అతనితో పోట్లాడడం కుదరదు, అతను తప్పు చేసి పట్టుబడే అవకాశమూ లేదు. అందుకే తిరుగు ప్రయాణంలో కారులో ఒంటరిగా గొణుక్కుంటున్న జాన్ లూయీకి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. అంత తెగించి టెలిగ్రామ్ ఇచ్చిన స్త్రీ ఇలా ఎందుకు చేసిందని తనలో తాను వాదించుకుంటాడు. అతనికి జవాబు దొరకదు, అయినా ఆమె రైలు చేరే స్టేషనుకు ఆమెకంటె ముందు చేరుకుంటాడు. జవాబు దొరికాక వెళ్లి ఉంటే అది మామూలు ప్రేమకథ అయ్యేది.

ప్రశ్న: సినిమా కొంత రంగుల్లో, కొంత నలుపు తెలుపులో ఉంది. దుఃఖం ఉన్నచోట నలుపు తెలుపు, ప్రేమ పుట్టినచోట రంగులు అని మా మిత్రబృందం తేల్చింది. నిజమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: అసలు కారణం డబ్బు. అప్పటికి లెలూష్ ఆర్థికంగా చితికిపోయి ఉన్నాడు. సినిమా మొత్తం నలుపు తెలుపులోనే తీద్దామనుకుంటే, రంగుల్లో అయితే సొమ్ము పెడతామని ఒక అమెరికన్ పంపిణీదారు ముందుకు వచ్చాడు. దానితో ఆరుబయటి దృశ్యాలను రంగుల్లో, గదులలోపలి దృశ్యాలను నలుపు తెలుపులో తీసి సరిపెట్టాడు. చిత్రీకరణ మూడు వారాల్లో ముగించాడు, కెమెరా తానే పట్టాడు. ఆ సినిమాకే కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి (ఒక ఇటాలియన్ చిత్రంతో కలిసి), ఆ తరువాత విదేశీ భాషా చిత్రం, మౌలిక స్క్రీన్‌ప్లే విభాగాలలో రెండు ఆస్కార్లు వచ్చాయి.

అయితే మీ మిత్రబృందం చూసినది వట్టిదని మేము అనము, తలకిందులుగా చూశారని మాత్రం అంటాము. పియేర్‌తో గడిపిన రోజులు ఆరుబయట తీసినవి కాబట్టి రంగుల్లో ఉన్నాయి. హోటల్ గది నాలుగు గోడల మధ్య తీసినది కాబట్టి రంగు లేకుండా ఉంది. అంటే ఆన్‌కు చనిపోయిన మనిషి రంగుల్లో కనిపిస్తున్నాడు, పక్కన బతికున్న మనిషి వెలిసిపోయి ఉన్నాడు. ఆప్తులను పోగొట్టుకున్నవారికి గతం వర్తమానంకంటె స్పష్టంగా కనబడుతుందన్న సంగతిని ఇంతకంటె సూటిగా చూపడం కష్టం. పొదుపు కోసం చేసిన పని అర్థాన్ని వెతుక్కుంది. ప్రతి దృశ్యానికీ ఈ లెక్క వర్తింపజేయబోతే మాత్రం చిక్కుల్లో పడతారు.

ప్రశ్న: భార్యను కోల్పోయిన వ్యక్తి మళ్లీ ప్రేమలో పడే కథతో స్క్రీన్‌ప్లే రాస్తున్నాను. దుఃఖానికి అయిదు దశలు ఉంటాయంటారు కదా, తిరస్కారం, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. నా కథను ఆ అయిదు భాగాలుగా విభజించాను. అంగీకారం దగ్గర నాయిక ప్రవేశిస్తుంది. సరైన పద్ధతేనా? (సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న పాఠకుడు)

జవాబు: ఆ విభజనను పక్కన పెట్టమనే మా సలహా. ఆ అయిదు దశలను మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో ప్రకటించారు. ఆవిడ మాట్లాడినది మరణం దగ్గరపడిన రోగులతో. తన చావు కబురు విన్న మనిషి మనస్థితి గురించి చెప్పినది క్రమంగా, బతికి మిగిలినవారి దుఃఖానికి కూడా అతికిపోయింది; ఆ తరువాత సినిమావాళ్లకు అది రెడీమేడ్ కొలత అయి కూర్చుంది. దుఃఖంలో ఉన్న మనిషి మెట్లెక్కినట్టు వరసగా నడవడు.

మీ కథకు ఎక్కువ పనికొచ్చే ఆలోచన మరొకటి ఉంది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఆప్తులను కోల్పోయిన మనిషి రెండు పనుల మధ్య అటూ ఇటూ ఊగుతుంటాడు. ఒకటి, పోయినవారిని తలచుకోవడం, ఏడవడం, వారి వస్తువులు ముట్టుకోవడం. రెండోది, బతుకును మళ్లీ కూడదీసుకోవడం, బిల్లులు కట్టడం, కొత్త పనులు నేర్చుకోవడం, కొత్త మనుషులను కలవడం. ఒకే రోజులో రెండూ జరగవచ్చు. రెండోదానిలో మునిగిన మనిషి మొదటిదానిని దాటేశాడని అర్థం కాదు. ఈ ఊగిసలాటలో మీకు కావలసిన నాటకం మొత్తం ఉంది. నాయికను అంగీకారం వచ్చేదాకా ఆపనక్కరలేదు, అతను ఏమాత్రం సిద్ధంగా లేనప్పుడే రానివ్వండి. ఆమెతో హాయిగా నవ్విన రోజు రాత్రే అతను భార్య ఫోన్ నంబరును తీసేయబోయి తీసేయలేక ఆగిపోతే, ఆ దృశ్యానికి నేపథ్య సంగీతం కూడా అక్కరలేదు.

ఇంకొక మాట. పోయిన భార్యను దేవతను చేయకండి. గోడమీది పటంలో చిరునవ్వు, వెలుతురులో ఎగిరే జుట్టు, పిల్లవాడిని ఎత్తుకుని తిప్పడం, ఇవన్నీ మనం వెయ్యిసార్లు చూసినవి. ఆమెకు ఒక మొండితనం ఇవ్వండి, భర్తతో తెగని ఒక తగువు ఇవ్వండి. ప్రేక్షకుడు ఆమెను తెలిసిన మనిషిగా గుర్తిస్తేనే నాయకుడు ఆమెను ఎందుకు మరవలేకపోతున్నాడో నమ్ముతాడు.

ప్రశ్న: ఆన్ భర్తకు పాటలు, హాస్యం, సాంబా సంగీతం, అన్నీ ఇచ్చారు. జాన్ లూయీ భార్య వలేరీకి రెండు మూడు దృశ్యాలు, ఒక ఆత్మహత్య. ఇది అన్యాయం కాదా? (ఒక పాఠకురాలు)

జవాబు: అన్యాయమే. సినిమాలో మాకు నచ్చని భాగం అదే. పియేర్ కథను ఆన్ స్వయంగా చెబుతుంది. మొదటి కారు ప్రయాణంలో అతను బతికే ఉన్నాడన్నట్టు మాట్లాడుతూ, చివరికి అసలు సంగతి బయటపెడుతుంది. వలేరీని మాత్రం ఎవరూ అంత ప్రేమగా చెప్పరు. కారు పందేల డ్రైవరుతో కాపురం చేసే మనిషికి ప్రతి పందెం రోజూ ఎలా గడిచేదో ఒక్క నిమిషం చూపించినా చాలేది. జాన్ లూయీ మళ్లీ పందేలకు వెళుతున్నప్పుడు, ఆ పందేలే తన భార్య ప్రాణం తీశాయన్న ఆలోచన అతనికి తగిలినట్టు సినిమాలో ఎక్కడా కనిపించదు. దర్శకుడికి కార్ల మీద ఉన్న మమకారం ఇక్కడ అతని కళ్లకు అడ్డుపడిందనుకుంటాము. పోయినవారిలో ఒకరికే పాత్ర దక్కింది, రెండోవారు కారణంగా మిగిలిపోయారు.

పియేర్‌కు అంత ఆకర్షణ ఎలా వచ్చిందన్న దానికి ఒక చిన్న కబురు. ఆ పాత్ర వేసి, ఆ పాటలు పాడిన పియేర్ బరూను ఆన్ పాత్రధారిణి అనూక్ ఎమే అదే 1966లో నిజంగానే పెళ్లాడింది. ఆ పెళ్లి 1969 దాకా నిలిచింది. తెర మీద అతను గుర్తొచ్చినప్పుడల్లా ఆమె ముఖంలో వచ్చే వెలుగును కేవలం నటన ఖాతాలో వేయడం మాకు కొంచెం కష్టంగా ఉంది.

ప్రశ్న: ఫ్లాష్‌బ్యాక్ లేకుండా పోయిన మనిషిని చూపిన ప్రేమకథ ఏదైనా చెప్పగలరా? (ఒక పాఠకుడు)

జవాబు: ఫ్లాష్‌బ్యాక్ అసలే లేనిది కాదు కాని, దానిని తెలివిగా వాడినది ఒకటి చెబుతాము. జపాన్ దర్శకుడు షున్‌జీ ఇవాయ్ 1995లో తీసిన ‘లవ్ లెటర్’. కొండలెక్కుతూ ప్రమాదంలో పోయిన కాబోయే భర్త పాత స్కూలు పుస్తకంలో అతని చిన్ననాటి చిరునామా చూసి, హిరోకో అనే యువతి దానికి ఒక ఉత్తరం రాస్తుంది. ఆ ఇల్లు ఎప్పుడో కొట్టేశారని ఆమెకు చెప్పారు. అందుకే రాసింది, అది ఎవరికీ చేరదన్న ధైర్యంతో రాసింది. ఆశ్చర్యంగా జవాబు వస్తుంది. అదే పేరున్న ఒక అమ్మాయి, అతని తరగతిలోనే చదివిన అమ్మాయి, ఆ ఉత్తరం అందుకుంది.

అక్కడినుంచి సినిమాలోని జ్ఞాపకాలు హిరోకోవి కావు, ఆ రెండో అమ్మాయివి. తాను ప్రేమించిన మనిషిని హిరోకో ఇంకొకరి ఉత్తరాల ద్వారా కొత్తగా తెలుసుకుంటుంది. ఆ తెలుసుకోవడం సంతోషంతోపాటు ఒక ముల్లును కూడా తెస్తుంది, ఎందుకంటే తనను అతను ఇష్టపడడానికి కారణం ఆ అమ్మాయి పోలికలేనేమోనన్న అనుమానం మొదలవుతుంది (రెండు పాత్రలూ నటి మిహో నకయామావే). ఇంతలో అకీబా అనే స్నేహితుడు, గాజు వస్తువులు తయారుచేసేవాడు, ఆమెను ప్రేమిస్తూ పక్కనే ఉంటాడు. పోయినవాడు అతనికీ స్నేహితుడే. ఆమెను ఆ కొండ దగ్గరకు తీసుకువెళ్లేది అతనే. ప్రేమ కోసం ఎదురుచూస్తున్నవాడు తన పోటీదారుకు వీడ్కోలు చెప్పమని ఆమెను తానే తీసుకువెళ్లడం, అక్కడ ఆమె మంచుకొండ వైపు తిరిగి బాగున్నారా అని, నేను బాగున్నాను అని గొంతు చించుకుని అరవడం, ఈ తరహా సినిమాల్లో మేము అన్నిటికంటె ఎక్కువగా ఇష్టపడే ఘట్టం. అకీబా ఆ సమయంలో దగ్గరకు పోడు, దూరంగా నిలబడతాడు.

ప్రశ్న: మన దగ్గర ఇలాంటి సినిమా రాలేదా? (ఒక పాఠకుడు)

జవాబు: వచ్చాయి. వెంటనే గుర్తొచ్చేది మణిరత్నం 1986లో తీసిన ‘మౌనరాగం’. అందులో దివ్య ప్రియుడిని పోగొట్టుకుని, ఆ దుఃఖం తీరకుండానే మరొకరిని పెళ్లి చేసుకుంటుంది, ఏం కావాలని భర్త అడిగితే విడాకులు కావాలంటుంది. ప్రియుడిగా కార్తీక్ తెర మీద ఉండేది కొద్దిసేపే అయినా, సినిమా చూసినవారు అతని అల్లరి గురించే ముందుగా మాట్లాడతారు. పైన సహాయ దర్శకునికి చెప్పినది అదే.

ప్రశ్న: నా భర్త పోయి ఏడాది దాటింది. మనసు మళ్లుతుందని స్నేహితులు ఇలాంటి సినిమాలు చూడమని పట్టుబడుతున్నారు. చూస్తే ఓదార్పు రాకపోగా కోపం వస్తోంది. నాయిక చివరలో నవ్వితే నన్ను కూడా నవ్వమని తొందరపెడుతున్నట్టు ఉంటోంది. లోపం నాలోనే ఉందా? (ఒక పాఠకురాలు)

జవాబు: మీలో లోపం లేదు. సినిమాకు రెండు గంటల్లో ముగించక తప్పదు, కాబట్టి అది సంవత్సరాలను ఒక కోతలో దాటేస్తుంది. ఆన్ ఎన్ని రాత్రులు నిద్రలేకుండా గడిపిందో మనకు చూపరు. తెర మీద నాయికకు దొరికిన ముగింపును మీకు గడువుగా పెట్టే హక్కు ఎవరికీ లేదు, వారు ఎంత మేలు కోరేవారైనా సరే. చూడాలనిపించనప్పుడు చూడనని చెప్పండి. చూస్తూ మధ్యలో ఆపేసినా సినిమాకు వచ్చిన నష్టమేమీ లేదు.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పడం మా బాధ్యత. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణలో దీర్ఘకాలిక దుఃఖ సమస్య అనే పేరు ఇప్పుడు ఉంది. కనీసం ఆరు నెలలు దాటాక కూడా, ఆ సమాజపు ఆనవాయితీని మించి తీవ్రమైన వేదన ఎడతెగకుండా ఉండి, రోజువారీ పనులు చేసుకోలేని స్థితి వస్తే వైద్యులు దాని గురించి ఆలోచిస్తారు. ఏడాది తరువాత కూడా ఏడుపు రావడం, మరొకరి గురించి ఆలోచించబుద్ధి కాకపోవడం దాని కిందికి రావు. లేవడం, తినడం, నిద్ర, పని, ఇవే కుదరని స్థితి ఉంటే మాత్రం స్నేహితుల సలహాకంటె మనోవైద్యుల సలహా మేలు. రెండో ప్రేమ దానికి మందు కాదు. మీ ఉత్తరంలోని కోపం మాకు ఆరోగ్యంగానే కనిపించింది.

ప్రశ్న: ‘ఎ మ్యాన్ అండ్ ఎ వుమన్’ చివర స్టేషనులో ఇద్దరూ కౌగిలించుకోగానే బొమ్మ ఆగిపోతుంది. ఆ తరువాత వారు పెళ్లి చేసుకున్నారనే అనుకోవాలా? (ఒక పాఠకుడు)

జవాబు: దర్శకుడే అలా అనుకోలేదు. అదే నటీనటులతో లెలూష్ 1986లో రెండో భాగం తీశాడు. అందులో ఇద్దరూ ఎప్పుడో విడిపోయారు. నిర్మాతగా మారిన ఆన్, తమ పాత ప్రేమకథను సినిమాగా తీయాలనుకుని అతన్ని మళ్లీ కలుస్తుంది. ఆ సినిమా మొదటిదాని పక్కన నిలబడదు, ఖాళీ ఉన్నవారు చూడవచ్చు. 2019లో వచ్చిన ‘ద బెస్ట్ ఇయర్స్ ఆఫ్ ఎ లైఫ్’ సంగతి వేరు. జాన్ లూయీ వృద్ధాశ్రమంలో ఉంటాడు, జ్ఞాపకశక్తి జారిపోతోంది, ఆన్ పేరు మాత్రం వదలడు. కొడుకు వెళ్లి ఆమెను వెతికి తీసుకువస్తాడు. ఎదురుగా కూర్చున్నది ఆన్ అని తెలియకుండానే అతను ఆమెతో ఆన్ గురించి మాట్లాడతాడు. జాన్ లూయీ పాత్రధారి త్రెంతిన్యా 2022లో, అనూక్ ఎమే 2024లో కన్నుమూశారు కాబట్టి ఈ కథకు నాలుగో భాగం ఉండదు. 1966 నాటి సినిమా వరకే చూస్తే, స్టేషనులో ఆ ఇద్దరూ ఒప్పుకున్నది ఆ పూటకే. పెళ్లి ప్రస్తావన సినిమా ఎత్తలేదు, మేమూ ఎత్తము. మూడింటినీ చూడదలచినవారు రెండోదాన్ని వదిలి మొదటిదీ మూడోదీ వెంటవెంటనే చూడడం మంచిది.